ప్రభావం ఎవరిది? పల్నాడు పల్లెల్లో మార్పును కొలవడం గురించి

గుంటూరు జిల్లా చరిత్ర మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాల్లో బాగా పేరున్నది రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన పుస్తకం. 1788 నుంచి 1848 దాకా ఈ జిల్లాలో కంపెనీ పాలన ఎట్లా నడిచిందో అది చెబుతుంది. దాని పేరులోనే 'స్థానిక ప్రభావం' అనే మాట ఉంది. పైన కలెక్టరు కూర్చున్నా, కింద కచేరీల్లో లెక్కలు రాసే దేశస్థ బ్రాహ్మణులు, ఊళ్ళలో కరణాలు, పెద్ద రైతులు బంధుత్వాలతోనూ లావాదేవీలతోనూ అల్లుకుపోయి సర్కారును తమకు కావాల్సినట్టు తిప్పుకున్నారని ఆయన చూపించాడు. ఆ పరిశోధన విలువను మేము తక్కువ చెయ్యడం లేదు. అయితే ఒక సంగతి గమనించాలి. కాగితం రాసేవాళ్ళ ప్రభావాన్ని ఆ కాగితాల్లోంచే కొలవడం తేలిక. కాగితం ముట్టుకోనివ్వని వాళ్ళ ప్రభావాన్ని ఎక్కడినుంచి కొలవాలి?

మన చరిత్రకారులు ఈ ప్రశ్న వేసుకోరు. వాళ్ళ లెక్కలో మాలపల్లె, మాదిగపల్లె ఎప్పుడూ ప్రభావం 'పడే' చోట్లే, ప్రభావం 'వేసే' చోట్లు కావు. దొర వచ్చాడు, పల్లె మారింది. సంస్కర్త వచ్చాడు, పల్లె మారింది. నాయకుడు వచ్చాడు, పల్లె మారింది. పల్లె మారి పక్క పల్లెను మార్చిందనీ, ఊరిని కదిలించిందనీ, చివరికి వచ్చిన దొరనే మార్చిందనీ రాసిన పేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నరసరావుపేట, వినుకొండ, గురజాల, మాచర్ల ప్రాంతాల పల్లెల విషయంలో ఈ లోటు ఎంత నష్టం చేసిందో, ఆ ప్రభావాన్ని కొలవాలంటే ఏ కొలబద్దలు కావాలో ఈ వ్యాసంలో చర్చిస్తాం.

ముందు కొలవడంలో ఉన్న చిక్కు చూద్దాం. మాచర్ల వైపు ఒక ఊళ్ళో రైతులు మిరప వేశారు. రెండేళ్ళకు పక్క ఊళ్ళోనూ వేశారు. మొదటి ఊరిని చూసి రెండో ఊరు వేసిందా? లేక రెండూ ఒకే రకం నేలలు, ఒకే రకం రైతులు కాబట్టి ఎవరికి వాళ్ళే వేశారా? లేక ఆ ఏడాది రెండు ఊళ్ళకూ సాగర్ కుడికాలవ నీళ్ళు వచ్చాయి కాబట్టి వేశారా? మూడింటిలో ఏది నిజమైనా బయటికి కనిపించేది ఒకటే, రెండు ఊళ్ళలో మిరప. పోలిక, ఉమ్మడిగా పడిన దెబ్బ లేక ఉమ్మడిగా వచ్చిన మేలు, అసలైన ప్రభావం అనే ఈ మూడింటినీ విడదియ్యకుండా 'ఫలానావాళ్ళ ప్రభావం వల్ల' అని రాయడం మన చరిత్ర రచనకు అలవాటైపోయింది.

ఈ చిక్కు మనకొక్కళ్ళకే లేదు. 1993లో చార్లెస్ మాన్‌స్కీ అనే ఆర్థికవేత్త దీన్ని అద్దంతో పోల్చాడు. మనిషీ అద్దంలో బొమ్మా కలిసి కదులుతుంటే, సంగతి తెలియనివాడికి ఎవరు ఎవర్ని కదిలిస్తున్నారో ఎట్లా తెలుస్తుంది? అంతకుముందు 1973లో మార్క్ గ్రానొవెటర్ ఇంకో మాట చెప్పాడు. కొత్త కబురు మనకు దగ్గరి చుట్టాల నుంచి రాదు, ఎప్పుడో ఒకసారి కలిసే దూరపు పరిచయస్తుల నుంచి వస్తుంది. ఎందుకంటే దగ్గరివాళ్ళకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది. ఇవాళ ఫోన్లలో కోట్ల మంది మాట్లాడుకునే మాటల మీద ఇవే ప్రశ్నలు వేసి, ఏ గుంపు ఏ గుంపును ఎంతకాలంలో మార్చిందో కంప్యూటర్లతో లెక్క కడుతున్నారు. అక్కడ ప్రతి మాటకూ గంట, నిమిషంతో సహా నమోదు ఉంటుంది. మన పల్లెలకు అట్లాంటి నమోదు లేదు. కానీ ఒక్క ఉద్యమం విషయంలో మాత్రం తేదీలు, తలకాయల లెక్కలు, పేర్లు మిగిలాయి. అది 19వ శతాబ్దపు బాప్తిస్మాల ఉద్యమం. మతం మంచిదా చెడ్డదా అనే చర్చలోకి మేము ఇక్కడ పోవడం లేదు. మన ప్రాంతపు అంటరాని కులాల కదలికకు ఇంత వివరంగా తేదీలు దొరికిన ఉదాహరణ ఇంకొకటి లేదు కాబట్టి దాన్ని తీసుకుంటున్నాం.

అప్పటి ఎల్లలు ఇప్పటి ఎల్లలు కావని మొదటే గుర్తుపెట్టుకోవాలి. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు, 1904లో మళ్ళీ విడదీశారు. కాబట్టి మనం చెప్పుకునే సంవత్సరాల్లో నరసరావుపేట, వినుకొండ, పల్నాడు తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉన్నాయి. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరుకు వచ్చింది, 1970లో ప్రకాశం జిల్లా అయింది. పల్నాడు జిల్లా అనేది 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. జిల్లా లెక్కలు పక్కపక్కన పెట్టి 'ఇంత పెరిగారు, ఇంత తగ్గారు' అనేవాళ్ళు ఈ సంగతి పట్టించుకోరు. చుట్టరికానికి మాత్రం తాలూకా ఎల్ల ఎప్పుడూ అడ్డం రాలేదు.

పల్నాడులో మిషన్ కథ చెప్పే పుస్తకాలు ఫాదర్ హయ్యర్‌తో మొదలుపెడతాయి. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన ఈ లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు చేరాడు. కలెక్టర్ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. 1849లో హయ్యర్ గురజాలకు మకాం మార్చాడు. గుంటూరు పట్నంలో కంటే పల్నాడు పల్లెల్లోనే ఆయన మాట తొందరగా అందుకున్నారు. కారణం హయ్యర్ భక్తి అంటారు ఆ పుస్తకాలు రాసినవాళ్ళు. భక్తి గుంటూరులోనూ అంతే ఉండాలి కదా! తేడా ఉన్నది హయ్యర్‌లో కాదు, వినేవాళ్ళ మధ్య ఉన్న సంబంధాల్లో. పట్నంలో విడివిడి మనుషులు విన్నారు. ఇక్కడ పల్లెలు విన్నాయి.

ఇంకో పోలిక చూడండి. ఫిరంగిపురం చుట్టుపక్కల 18వ శతాబ్దం నుంచే రెడ్లు, కమ్మల్లో కథోలిక కుటుంబాలు ఉన్నాయి. రెంటచింతల కథోలిక రెడ్ల సంగతి పల్నాడులో అందరికీ తెలిసిందే. అంటే ఏసు పేరు ఈ నేలకు హయ్యర్ రాకముందే వచ్చింది. ఊళ్ళో గుడి కట్టుకున్న రైతులు, వాళ్ళ చేలల్లో పనిచేసే పాలేళ్ళు రోజూ ఎదురెదురు పడుతూనే ఉన్నారు. అయినా పల్లెల్లో వేలమంది కదిలింది ఆ దారిన కాదు. రోజూ కళ్ళబడే రైతు మతం పల్లెకు అంటలేదు, 50 మైళ్ళ అవతలి మేనమామ మతం అంటింది. ప్రభావం దగ్గరితనాన్ని బట్టి పాకదని, సంబంధాన్ని బట్టి పాకుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

ఇప్పుడు ఒంగోలు వైపు పోవాలి. ఎందుకంటే నరసరావుపేట, వినుకొండ పల్లెల్లో బాప్టిస్టు సంఘాలు పుట్టింది అక్కడ మొదలైన కదలిక నుంచే. మిషన్ పుస్తకాలు ఆ కదలికకు జాన్ ఎవరెట్ క్లౌ పేరు పెట్టాయి. క్లౌ దొర 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. కానీ ఆయన అక్కడ స్థిరపడకముందే యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. పేరయ్య మాదిగ, తోళ్ళ బేరగాడు. తోలు బేరమంటే ఒక ఊళ్ళో కూర్చుని చేసేది కాదు. ఊరూరూ తిరిగి తోళ్ళు కొని దూరపు ఊళ్ళకు తోలుకుపోయి అమ్మాలి. ఆ బేరం మీద ఏలూరు వైపు పోయినప్పుడే ఆయన అక్కడి మిషనరీల మాటలు విన్నాడు. ఆయన చుట్టాల్లో ఒకాయన ఆ పాటికే ఆ దారిలో ఉన్నాడు. అంటే కొత్త కబురు తెచ్చింది బేరం దారి, దాన్ని నమ్మించింది చుట్టరికం.

ఇంకో సంగతి కూడా ఉంది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల మీద 1899లో ఒక పుస్తకం రాసింది. మిషన్ రాకముందే మాదిగల్లో రాజయోగం చెప్పే గురువులు, వాళ్ళ శిష్యుల గుంపులు ఊళ్ళు దాటి విస్తరించి ఉన్నాయని అందులో ఉంది. పేరయ్యకు బోధించిన గురువు బండికట్ల వీరమ్మ అనే ఆడమనిషి. విగ్రహం అక్కర్లేదు, దేవుడు ఒక్కడే అనే మాట పేరయ్యకు దొర నేర్పింది కాదు. మన పల్లెల్లో ముందే ఒక వెతుకులాట ఉంది, దానికి మనుషులు ఉన్నారు, వాళ్ళ మధ్య దారులు ఉన్నాయి. దొర వచ్చి ఎక్కింది ఆ దారుల మీదికే. పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నారు. 1867 జనవరి మొదట ఒంగోలు సంఘం 8 మందితో ఏర్పడింది. అదే నెలలో, ఒంగోలుకు 40 మైళ్ళ దూరంలోని పేరయ్య ఊరి దగ్గర కూడిక పెడితే, ఆయన పోగుచేసిన చుట్టాలు, స్నేహితుల్లో 28 మంది ఒక్కసారే సంఘంలో చేరారు. ఎవరు ఎవర్ని తెచ్చారో వేరే చెప్పాలా? ఈ లెక్క మిషన్ పుస్తకాల్లోనే ఉంది. దాన్ని చదవడంలోనే పక్షపాతం జరిగింది.

చేరినవాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతానికి సంబంధించిన ముచ్చట్లలాగే ఉంటాయి. మాదిగపల్లె వైపు నుంచి చూడండి. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాల్సింది వీళ్ళు. ఆ తోలుతో ఆసామికి చెప్పులు, మోట బొక్కెన, పగ్గాలు చేసివ్వాల్సింది వీళ్ళు. జాతరకు డప్పు కొట్టాల్సింది వీళ్ళు. దీనికంతటికీ బదులు కళ్ళం దగ్గర నాలుగు గింజలు, ఆ చచ్చిన గొడ్డు మాంసం. ఇప్పుడు గొడ్డు మాంసం ముట్టమంటే ఆ కూలి వద్దన్నట్టు. విగ్రహానికి మొక్కమంటే డప్పు మోగదన్నట్టు. ఆదివారం రామంటే కోతల రోజుల్లో ఏడింట ఒక రోజు ఆసామి చేను ఆగినట్టు. మూడు కట్టుబాట్లూ కలిపి చూస్తే అది వెట్టి మీద సమ్మె! క్లౌకు ఇదంతా ముందే తెలుసని మేము అనుకోవడం లేదు. పాటించినవాళ్ళకు మాత్రం బాగా తెలుసు. తెలిసే పాటించారు.

ఊరు ఊరుకుంటుందా? కూలికి పిలవడం మానేశారు, కొట్టారు, నీళ్ళు కట్టేశారు, బలవంతాన డప్పు కొట్టించబోయారు, లేనిపోని కేసులు పెట్టించారు. మిషన్ రచనలు దీన్ని 'హింసలు' అనే శీర్షిక కింద, విశ్వాసుల ఓర్పుకు నిదర్శనంగా రాసుకున్నాయి. ఓర్పు నిజమే. కానీ చరిత్రకారుడికి ఇవి కొలతలు కూడా. ఒక సమూహం మారినప్పుడు దాని ప్రభావం పక్కవాళ్ళు కూడా మారారా అనేదానిలోనే కనబడదు. పక్కవాళ్ళు ఏం పోగొట్టుకున్నారు, ఏం చెయ్యాల్సి వచ్చింది అనేదానిలోనూ కనబడుతుంది. ఊళ్ళో తన్నులు పడ్డ తేదీ, బాప్తిస్మం తేదీ కంటే నిక్కచ్చిగా చెబుతుంది పల్లె ఎప్పుడు మారిందో. రైతుకు చెప్పులు అందని రోజున ఆ ఊరి మీద పల్లె ప్రభావం పడిందన్నమాటే. తిట్టుకుంటూ అయినా సరే, చచ్చిన గొడ్డుకు వేరే ఏర్పాటు చేసుకున్న రోజున ఊరు మారిందన్నమాటే.

ఇక కరువు సంగతి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని తినేసిన కరువు అది. 'బియ్యం కోసం మతం మారారు' అనే మాట అప్పటినుంచే పుట్టింది, ఇవాళ్టిదాకా చావలేదు. పైన చెప్పిన మూడు కారణాల్లో ఇది రెండోది, ఉమ్మడిగా పడిన దెబ్బ. కాబట్టి దీన్ని కొట్టిపారెయ్యకుండా తేదీలతో పరీక్ష చెయ్యాలి.

కరువుకు ముందే, పదేళ్ళలో ఒంగోలు సంఘంలో సభ్యులు మూడు వేల దాకా పెరిగారు. కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పని కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సరిగ్గా ఆ కాలంలోనే, దాదాపు 15 నెలల పాటు, బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం కోసం చేరారనే మాట పడకూడదని. సాయం పంచడం ముగిశాక 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. ఆ ఏడాది చివరికి సంఘం పన్నెండు వేలు దాటింది.

ఇందులోంచి ఏం తేలుతుంది? బియ్యం కోసమే అయితే బియ్యం ఇచ్చేరోజుల్లో అడిగి, ఇవ్వడం మానగానే ఇళ్ళకు పోవాలి. ఇక్కడ జరిగింది తలకిందులు. అయితే ఇంకోవైపు కూడా చెప్పాలి. 2,222 అనే అంకెను చూసి 'ఒక్క రోజులో కదిలిన జనం' అని పొంగిపోవడమూ తప్పే. అది 15 నెలలు కట్టవేసి ఉంచిన నీరు. కట్ట తెగిన రోజు పారిన నీళ్ళను కొలిచి, వాన ఆ రోజే పడిందంటామా? రిజిస్టరులో ఉన్నది నమోదైన తేదీ. మనసు మారిన తేదీ, పల్లె పెద్దలు కూర్చుని 'పోదాం' అనుకున్న తేదీ అంతకు ఏడాది వెనక, రెండేళ్ళ వెనక ఎక్కడో ఉన్నాయి. ప్రభావం ఎంత వేగంగా పాకిందో చెప్పాలంటే కావాల్సింది ఆ తేదీలు.

కరువు చేసిన పని లేదని కూడా మేము అనం. కాలవ దగ్గర దూరదూరపు తాలూకాల మనుషులు ఒకే చోట గంప ఎత్తారు, ఒకే చోట గంజి తాగారు. పనిమీద మేస్త్రీలుగా ఉన్నది సంఘం బోధకులు, అంటే పేరయ్యలాంటి మాదిగలు. దెబ్బలు కొట్టని మేస్త్రీని చాలామంది అక్కడే మొదటిసారి చూసి ఉంటారు. అప్పటిదాకా చుట్టరికం ఉన్నచోటికే పోయిన కబురు, ఇప్పుడు చుట్టరికం లేనిచోటికి కూడా పోయింది. కరువు మతాన్ని ఇవ్వలేదు, మనుషుల మధ్య కొత్త దారులు వేసింది. ఉమ్మడి దెబ్బా, ప్రభావమూ ఇక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, పూర్తిగా విడదియ్యలేం.

ఆ జూలై 3 గురించి ఇంకొక్క మాట. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున, ఒక జంట అలిసిపోతే ఇంకో జంట దిగి ఇచ్చారు. ప్రపంచమంతా చెప్పుకునే ఆ అంకె వెనకున్న చేతులు మన చేతులు. క్లౌ పేరు గుర్తున్నట్టు ఆ ఆరు పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

1880వ దశకం మొదట్లో ఒంగోలు నుంచి వినుకొండ, నరసరావుపేటలను విడదీసి వేరే మిషన్ కేంద్రాలు చేశారు. అట్లా పల్నాటి తూర్పు భాగంలో బాప్టిస్టులు, గురజాల వైపు హయ్యర్ వేసిన లూథరన్ సంఘాలు నిలబడ్డాయి. 1927లో ఈ లూథరన్ సంఘాలు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిలో భాగమయ్యాయి. ఇక్కడే మాకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించే సంగతి వస్తుంది. స్థూలంగా బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, లూథరన్లలో మాలలు ఎక్కువ. పంచుకున్నది మిషన్లు అని చెప్పి తప్పుకోవచ్చు, చాలామంది అట్లాగే చెబుతారు. మా ఉద్దేశంలో అది సగం నిజమే. కబురు పెళ్ళిళ్ళ దారిన పోయింది కాబట్టి పెళ్ళిళ్ళు ఎక్కడ ఆగుతాయో అక్కడే అదీ ఆగింది. మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య దూరం ఎంతని? 50 మైళ్ళు పోయిన మాట ఆ కాస్త దూరం దాటడానికి నానా అగచాట్లు పడింది. ఒకే దేవుణ్ణి రెండు గుళ్ళలో మొక్కడం మిషన్ మనకు నేర్పింది కాదు, మన దగ్గరున్న ఎల్లనే మిషన్ రిజిస్టరులోకి ఎక్కించుకుంది. ఉద్యమకారులకు ఈ మాట రుచించకపోవచ్చు. కానీ ప్రభావాన్ని కొలిచేవాడు అది ఎక్కడ ఆగిందో కూడా రాయాలి.

ఆ ఎల్ల దాటిన రోజులూ ఉన్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు బతికిబయటపడ్డవాళ్ళు చీరాల చేరి శిబిరం పెట్టారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ళ నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. మాదిగల మీద పడిన దెబ్బకు మాలపల్లెలు కదిలాయి. 1878లో చుట్టరికం దాటలేకపోయిన గీతను 1985లో శిబిరం దాటింది. కాలవ శిబిరంలో లాగానే ఇక్కడా చుట్టరికం లేనివాళ్ళు ఒకచోట కూడారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు, 1994 జూలైలో, అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోర మొదలైంది. గీత చెరిగిపోలేదని, దాటినవాళ్ళందరికీ సమానంగా వాటా అందలేదని అది చెప్పింది. ఈ రెండు తేదీలనూ ఒకదానికొకటి విరుద్ధంగా చూపించేవాళ్ళతో మేము ఏకీభవించం. ఒకే సంబంధాల వల రెండు సమయాల్లో రెండు రకాలుగా కదిలింది.

పల్లె ఊరి మీద వేసిన ప్రభావం మతం లెక్కల్లోనే వెతకనక్కర్లేదు. కారెంపూడి వీర్లగుడి దగ్గర ఏటా కార్తీకంలో అయిదు రోజుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. మందపోరు రోజున చాపకూడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా, సేనానిగా చేసుకున్నాడని కథ. కథలో ఎంత చరిత్ర ఉందనేది వేరే చర్చ. మనకు కావాల్సింది, ఈ కథను బతికించింది ఎవరు అనేది. శ్రీనాథుడి పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్ర అచ్చయింది 20వ శతాబ్దంలో. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా ఊరూరా పాడుతూ వచ్చినవాళ్ళలో ముఖ్యులు మాల విద్యావంతులు. జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషులో అచ్చువేసిన పల్నాటి కథ అలిశెట్టి గాలెయ్య పాడగా విని రాసుకున్నది. వెలమ, రెడ్డి, బ్రాహ్మణ ఇళ్ళలో పల్నాటి పౌరుషం గురించి చెప్పుకునే ప్రతిమాటా ఎక్కడో ఒకచోట మాలపల్లె గొంతులోంచి వచ్చిందే. దీనికి రిజిస్టరు లేదు, తలకాయల లెక్క లేదు. అయినా శతాబ్దాల పాటు ఊరి జ్ఞాపకాన్ని పల్లె నడిపింది. ఇది ప్రభావం కాకపోతే ఇంకేది ప్రభావం?

ఊళ్ళోవాళ్ళు మతపరంగానూ కదిలిన సందర్భాలున్నాయి. 1930ల నాటికి తెలుగు జిల్లాల్లో శూద్ర కులాలవాళ్ళు వేల సంఖ్యలో క్రైస్తవంలో చేరడం మొదలైంది. దోర్నకల్ బిషప్ అజరయ్య, సామూహిక మతాంతరాల మీద 1933లో పుస్తకం రాసిన పికెట్ ఇద్దరూ దీని గురించి ఒకే మాట చెప్పారు, పల్లెల్లోవాళ్ళ బతుకులో వచ్చిన మార్పు చూసి ఊళ్ళోవాళ్ళు వచ్చారని. మిషన్ మనుషులు తమ ఘనత కోసం చెప్పిన మాట అని అనుమానించొచ్చు. కానీ 'మా బోధ వల్ల' అని చెప్పుకోకుండా 'మాల మాదిగలను చూసి' అని ఒప్పుకున్నారు కాబట్టి దీనికి కొంత విలువ ఇవ్వాలి.

ఇంతా చెప్పాక, ఈ చరిత్ర వారసులు ఇవాళ్టి లెక్కల్లో ఎక్కడున్నారు? 1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. నలభై ఏళ్ళలో చర్చిలు పెరిగాయి, ఆదివారం మైకులు పెరిగాయి, లెక్కలో మనుషుల శాతం మాత్రం మూడోవంతుకు పడిపోయింది. దీన్ని చూసి ఎవరైనా 'క్రైస్తవ ప్రభావం తగ్గింది' అని సిద్ధాంతం చేస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవుడని రాయించుకున్న మాల మాదిగలకు ఇచ్చింది బీసీ-సి కింద ఒక్క శాతం. ఎస్సీ సర్టిఫికెట్టు మీద బడి సీటు, హాస్టలు, ఉద్యోగం, ఇంటిస్థలం, అత్యాచార నిరోధక చట్టం అన్నీ ఆధారపడి ఉన్నాయి. మతం మారినవాళ్ళకు ఆ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి లెక్కలవాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు మనవాళ్ళు ఏం చెబుతారో, ఎందుకు చెబుతారో వేరే వివరించక్కర్లేదు. ఆ అంకె నమ్మకాన్ని కొలవడం లేదు, చట్టానికున్న భయాన్ని కొలుస్తోంది.

దీనివల్ల జరిగే నష్టం రెండు రకాలు. ఒకటి, బతికున్నవాళ్ళకు హక్కు పోతోంది. రెండోది చరిత్రకు. ఏ కుటుంబమైతే తాతల కాలంలో చచ్చిన గొడ్డును వదిలేసి తన్నులు తిని, కాలవ తవ్వి, అక్షరం నేర్చుకుని పక్క పల్లెకు నేర్పిందో, ఆ కుటుంబం తన కథను బయటికి చెప్పుకోలేదు. చెబితే సర్టిఫికెట్టు పోతుంది. సాక్షులే మూగపోయేట్టు చట్టం చేసి, 'మీ చరిత్రకు ఆధారాలేవి' అని విశ్వవిద్యాలయాలు అడుగుతున్నాయి!

అందుకని ఈ పని పల్లెల్లో పుట్టిన విద్యార్థులు, టీచర్లే చెయ్యాలి, అదీ ఎవరికీ హాని కలగకుండా. ఇప్పుడు బతికున్నవాళ్ళ మతం రాసుకోనక్కర్లేదు. మాకు కావాల్సినవి మూడు తరాల వెనకటి సంగతులు. మీ పల్లెలో గొడ్డు ఈడ్చడం ఎప్పుడు మానేశారు, ఊరి జాతరకు డప్పు ఎప్పుడు ఆగింది లేక ఎప్పుడు కూలి మాట్లాడుకుని కొట్టడం మొదలైంది, రాత్రిబడి ఎప్పుడు వచ్చింది, మొదటి పంతులు ఏ ఊరినుంచి వచ్చాడు. ఆ పంతులు ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో మీ పల్లెకు కోడళ్ళు వచ్చారా, మీ ఆడపిల్లలు ఆ ఊరికి పోయారా. పెళ్ళి సంబంధం ముందా, మార్పు ముందా అనేది అన్నిటికంటే ముఖ్యం; ప్రభావానికీ పోలికకూ తేడా పట్టిచ్చేది అదే. పాత చర్చి రిజిస్టర్లలో ఇంటిపేరు, ఊరు, తేదీ దొరుకుతాయి, చెదలు పట్టకముందే వాటిని చేత్తో అయినా ఎత్తి రాసుకోవాలి. ఆ తర్వాత ఊళ్ళోకి కూడా పోవాలి. చెప్పులు కుట్టడం ఆగినప్పుడు ఆసాములు ఏం చేశారో వాళ్ళ ముసలివాళ్ళను అడగాలి. మొహమాటం లేకుండా చెప్పేవాళ్ళు కూడా ఉంటారు.

మొదట రెండు జతల పల్లెలతో ప్రారంభించడం మంచిది. నరసరావుపేట, వినుకొండ మధ్య ఒక మాదిగపల్లె, దాని పక్కనే ఉన్న మాలపల్లె. గురజాల, మాచర్ల మధ్య ఇంకో జత. ఒకే ఊరి కింద రెండు పల్లెలూ ఉంటే ఒకటి మారిన ఎన్నేళ్ళకు రెండోది మారిందో, లేక దానికి పోటీగా ఇంకో దారి పట్టిందో తెలుస్తుంది. పెద్దవాళ్ళకు సంవత్సరాలు గుర్తుండవు. ఆ ఏడు కరువా, గాలివానా, సాగర్ నీళ్ళు వచ్చాయా, ఎవరి పెళ్ళయింది అని అడిగి రాసుకుంటే చాలు, సంవత్సరం తర్వాత లెక్క కట్టుకోవచ్చు.